గడియ బయటికున్న కిటికీ

నీలకంఠం ఇంటికి నాలుగు కిటికీలు. మూడింటికి గడియ లోపలికి ఉండేది. తూర్పు గది కిటికీకి మాత్రం బయటికి ఉండేది. పొద్దు వాలాక అతను ఇల్లు చుట్టి వెళ్ళి, తూర్పు అరుగు ఎక్కి, తన ఇంటి కిటికీకి తానే బయటినుంచి గడియ పెట్టి వచ్చేవాడు. జలంత్రకోట చుట్టుపక్కల అలాంటి ఇల్లు ఇంకోటి లేదు. ఎందుకలా అని ఎవరూ అడగలేదు. అందరికీ తెలిసిందే.

నాలుగేళ్ళ కిందట అతని భార్య పెద్దతల్లి ధనిష్ఠా పంచకంలో పోయింది. ఆ అయిదు నక్షత్రాల్లో మనిషి పోతే ఇంటికి తాళం వేసి ఆరు నెలలు వేరే చోట ఉండాలన్నారు. అవి జీడిపిక్కలు రాలే రోజులు. తోట వదిలి ఎక్కడికీ పోనన్నాడు నీలకంఠం. అయితే సింహద్వారం లోంచి శవాన్ని తీయొద్దన్నాడు పంతులు. కిటికీ చట్రం ఊడదీసి, ఆ కంతలోంచి దాటించి, పాడె ఊరు దాటేలోగా చట్రం మళ్ళీ బిగించెయ్యాలన్నాడు. వడ్రంగి సోములు గబగబా ఊడదీశాడు, గబగబా బిగించాడు. శ్మశానం నుంచి వచ్చి చూస్తే చట్రం తిరగబడి ఉంది. లోపలుండాల్సిన గడియ బయటికి వచ్చింది.

"మళ్ళీ ఇప్పీసి బిగించరా" అన్నాడు నీలకంఠం.

"ఓరయ్యో, నావల్ల కాదు బాబూ. శవం ఎల్లిన దారి. మళ్ళీ ఇప్పితే ఇంకోటి ఎల్తాది" అన్నాడు సోములు. ఉలి, సుత్తి సంచిలో వేసుకుని ఆ అరుగు దిగినవాడు మళ్ళీ ఎక్కలేదు.

అలా ఉండిపోయింది.

పెద్దతల్లిని చంపింది కిడ్నీ జబ్బు. ఉద్దానంలో ఆ జబ్బు సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు. నీలకంఠం అన్న దానితోనే పోయాడు. అన్న దినం నాడు నీలకంఠం భోజనాల దగ్గర నిలబడి, ఈ ఇంట్లో మళ్ళీ ఆ జబ్బు పేరెత్తితే ఊరుకోనన్నాడు. పెద్దతల్లి ఆ మాట విని, విన్నట్టే నడుచుకుంది. తన కాళ్ళు ఉబ్బినప్పుడు మొగుడికి చెప్పలేదు. పక్క వీధిలో ఉండే తమ్ముడు పోలారావుకు చెప్పుకుంది. సంతకని చెప్పి ఇద్దరూ పలాస వెళ్ళి పరీక్షలు చేయించుకొచ్చారు. ఎనిమిది నెలల తరవాత బియ్యం డబ్బా అడుగున ఆ కాగితాలు నీలకంఠానికి దొరికాయి.

"నాకు సెప్పనేదు. ఆడికి సెప్పినావు" అన్నాడు. అంతే. తరవాత ఆమెతో మాట్లాడలేదు. నూట పన్నెండు రోజులు.

నోరు మూయించింది తానేనని అతనికి గుర్తుంది. గుర్తుంది కాబట్టే కోపం రెట్టింపయింది.

ఆ నూట పన్నెండు రోజులూ పెద్దతల్లి తూర్పు గదిలో, కిటికీ పక్క మంచం మీద ఉంది. లేచి నడిచే ఓపిక పోయింది. నీలకంఠం మధ్యాహ్నం తిని తూర్పు అరుగు మీద వైరు కుర్చీలో కూర్చునేవాడు, కిటికీకి వీపు పెట్టి. సముద్రం గాలి తిరిగే వేళకి, మూడున్నర ప్రాంతంలో, ఆమె చేయి చాచి గాజులతో కిటికీ ఊచను కొట్టేది. మూడుసార్లు. టక్, టక్, టక్. నీలకంఠం లేచి, తువ్వాలు దులిపి, భుజాన వేసుకుని, తిరిగి చూడకుండా జీడితోటలోకి నడిచేవాడు. పోలారావు పెళ్ళాం వచ్చి ఏం కావాలో చూసేది.

ఆఖరి రోజు ఆమె మూడుసార్లు కొట్టింది. ఆగి, మళ్ళీ మూడుసార్లు. అతను తోట మొదటి వరస దాటుతుండగా మళ్ళీ మూడుసార్లు. తిరిగి వచ్చేసరికి అయిపోయింది. ఏం అడగాలనుకుందో ఎవరికీ తెలియలేదు.

దినకర్మలైన మర్నాడు అతను వైరు కుర్చీని పాకలో అటక మీద పారేశాడు. ఆ మధ్యాహ్నం మూడున్నరకి ఊచ మోగింది. టక్, టక్, టక్.

గాలికి రెక్క కొట్టుకుంటోందనుకున్నాడు. గడియ బిగించాడు. మోగింది. సందుల్లో అట్టముక్కలు కుక్కాడు. మోగింది. బందులకు నూనె పోశాడు, రెక్కను తాడుతో ఊచలకు కట్టేశాడు. తిత్లీ తుఫానుకి చుట్టూ కొబ్బరి చెట్లు నేలకూలినా ఆ కిటికీ కదలలేదు. ఇప్పుడు ఎండుటాకు కదలని ఎండలో కూడా మోగేది. నాలుగేళ్ళు రోజూ విన్నాడు. ఒక్కరోజు కూడా "ఏటి" అనలేదు. ఆమె బతికున్నప్పుడు పలకనివాడు చచ్చాక పలుకుతాడా.

నిరుడు ఎండల్లో అతని కాళ్ళూ ఉబ్బాయి. ఆరు నెలలు ఎవరికీ చెప్పలేదు. ఒకనాడు గట్టు మీద పడిపోతే కూతురు మోహినికి తెలిసింది. ఆమె టెక్కలిలో జాకెట్లు కుట్టేది. మొగుడు అండమాన్‌లో వెల్డింగు పనిలో ఉన్నాడు. కుట్టుమిషను ఆటోలో వేసుకుని వచ్చి ఇంట్లో దిగింది.

"సిగ్గు నేదా నానా? అమ్మ దాస్తే తప్పు. నువ్వు దాస్తే ఒప్పా?" అంది.

అతను పంచెతో కాళ్ళు కప్పుకున్నాడు.

డాక్టర్లు అతని పొట్టకు సన్న గొట్టం పెట్టారు. రోజుకు నాలుగుసార్లు పాత నీళ్ళు ఒక సంచిలోకి దింపి, మందునీళ్ళు ఇంకో సంచిలోంచి ఎక్కించుకోవాలి. ఇంట్లోనే చేసుకోవచ్చు. గది మాత్రం దుమ్ము లేకుండా మూసి ఉండాలి, నీళ్ళు మార్చేటప్పుడు తలుపు గడియ పెట్టాలి, మూతికి గుడ్డ కట్టుకోవాలి, గొట్టం కొసకి చెయ్యిగానీ చెమటగానీ తగలకూడదు. తగిలితే పొట్టలో చీము పడుతుందని నర్సు రెండుసార్లు చెప్పింది. ఇంట్లో అలా మూయడానికి వీలైన గది తూర్పు గది ఒక్కటే. మంచం అక్కడే ఉంది. అతను అందులోకి మారాడు.

మోహిని ఆ గదికి ఏసీ పెట్టించింది, దుమ్ము రాలుస్తుందని ఫ్యాను తీయించింది. ఏసీ రోజంతా మూలుగుతూనే ఉండేది, గది చల్లబడేది కాదు. చల్లదనం కిటికీల్లోంచి పోతోందని ఎవరో చెబితే పలాసలో అద్దాల కిటికీలు బిగించే ఫణీంద్రని పిలిపించింది.

ఫణీంద్ర బూట్లు విప్పి లోపలికి వచ్చి ఒక అగరుబత్తి వెలిగించాడు. "దేవుడికి కాదు బాబాయ్, గాలికి" అన్నాడు. బత్తిని కిటికీ సందు దగ్గర పట్టాడు. హాల్లో రెండు కిటికీల దగ్గరా పొగ సర్రున బయటికి లాక్కుపోయింది. వంటింటి కిటికీ దగ్గరా అంతే. "సూసారా, మీ కరెంటు ఇలగే పోతంది. ఇది పాత టేకు, ఎండకి ఎండి సందులిచ్చేసింది. మాది ప్లాస్టిక్ ఫ్రేము, చుట్టూ రబ్బరు. రెండద్దాలు, మధ్యలో గాలి బంధించేత్తాం. ఎండ లోపలికి రాదు, చలవ బయటికి పోదు. ఏసీ సగం సేపే తిరుగుతాది."

తూర్పు గదిలో బత్తి పట్టాడు. పొగ బయటికి పోలేదు. లోపలికి వంగింది. ఎవరో ఊదినట్టు మూడుసార్లు ఆగి ఆగి వంగి, మంచం మీదికి సాగి, నీలకంఠం తలగడ దాకా వచ్చి విడిపోయింది.

"సముద్రం గాలి" అన్నాడు ఫణీంద్ర. గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది.

"సప్పుడు కూడా రాదా?" అన్నాడు నీలకంఠం. ఆ రోజు అతను నోరు విప్పడం అదే మొదలు.

"అరుగు మీద బాజాలు వాయించినా మీకు ఇనబడదు."

"అయితే పెట్టీ."

ఫణీంద్ర టేపు పట్టి కొలిచాడు. రెక్క ఎటు తెరుచుకుంటుంది, గడియ ఎటుంది, అన్నీ ఫోనులో రాసుకున్నాడు. "ఇప్పుడున్నది ఉన్నట్టే పెట్టీమంటారా బాబాయ్, ఏటైనా మార్పులున్నాయా?"

"ఉన్నది ఉన్నట్టే" అన్నాడు నీలకంఠం. నాలుగేళ్ళుగా రోజూ బయటికి వెళ్ళి పెట్టే గడియ. అది తప్పు వైపున ఉందన్న సంగతే అతని బుర్రలో లేదు.

మర్నాడు పోలారావు వచ్చాడు. అక్క పోయినప్పటి నుంచీ బావ తనతో రెండు మాటలకు మించి అనకపోయినా వారానికోసారి వచ్చి కూర్చుని పోతుంటాడు.

"కిటికీలు మార్పించేత్తన్నావంట బావా."

"ఊఁ."

"గది సల్లగుంటాదంట. కరెంటు తక్కువ తాగుతాదంట."

"ఊఁ."

"మరి అక్క ఏ దారిన వత్తాది?"

నీలకంఠం అతని వంక చూశాడు. తనకొక్కడికే వినబడుతోందనుకున్నాడు ఇన్నాళ్ళూ. "వచ్చే దారి నేకుండానే సేత్తన్నాను" అన్నాడు.

"అద్దాలెందుకు బావా దండగ. నువ్వే ఆ కంతలో అడ్డం కూకుంటే సాలు. గాలి కూడా లోపలికి రాదు" అని పోలారావు లేచి వెళ్ళిపోయాడు.

నెల తిరక్కుండా ఫణీంద్ర ఇద్దరు మనుషులతో వ్యాన్‌లో వచ్చాడు. నీలకంఠం ఆ పూట సోంపేట ఆసుపత్రికి వెళ్ళాల్సి వచ్చింది. వచ్చేసరికి పాత చట్రం ఊడి అరుగు మీద ఉంది. మోహిని దాని పక్కన గొంతుక్కూర్చుని ఉంది. మూడో ఊచ మొదట్లో రంగు లేచిపోయి ఇనుము తళతళలాడుతోంది. ఊచ దిగిన కన్నంలో ఆకుపచ్చ గాజుముక్క ఒకటి ఇరుక్కుని ఉంది.

"అమ్మది" అంది మోహిని.

"అందులోనే ఉండనీ. పాకలో పడీండి" అన్నాడు.

కొత్త కిటికీ తెల్లగా, నున్నగా, ఆసుపత్రిలోని వస్తువులా ఉంది. ఊచలు లేవు. నీలకంఠం లోపలికి వెళ్ళి తడిమి చూశాడు. చట్రం చుట్టూ ఎక్కడా పిడి లేదు. పిడి బయట ఉంది.

ఫణీంద్ర మొహం మాడిపోయింది. "పాతదానికి గడియ బయటే ఉంది కదా బాబాయ్. ఉన్నది ఉన్నట్టే అన్నారు. మీ ఇంటి ఆనవాయితీ ఏమో అనుకున్నాను. మళ్ళీ సేయించాలంటే ఇంకో నెల."

నీలకంఠం చాలాసేపు ఆ పిడిని అద్దం లోంచి చూశాడు. "ఒగ్గీ. తెరవడానికి పెట్టించానేటి" అన్నాడు.

ఆ రోజు మూడున్నరకి మంచం మీద కూర్చుని ఎదురుచూశాడు. ఏ చప్పుడూ లేదు. తోటలో కొబ్బరి మట్టలు ఊగుతున్నాయి, చప్పుడు లేదు. కాకి నోరు తెరిచి మూస్తోంది, చప్పుడు లేదు. సముద్రం హోరు అతను పుట్టినప్పటి నుంచీ చెవుల్లో ఉన్నదే. అది కూడా తెగిపోయింది. గదిలో తన ఊపిరి తనకే వినబడింది. నాలుగేళ్ళ తరవాత హాయిగా నిద్రపోయాడు. ఏసీ చల్లబరిచి తానే ఆగిపోయేది. మోహిని మురిసిపోయి ఇరుగుపొరుగును పిలిచి చూపించింది.

పదో రోజున అద్దం మీద మూడు మచ్చలు కనబడ్డాయి. రూపాయి బిళ్ళంతేసి, ఆవిరి పట్టినట్టు. మంచం మీద పడుకున్న మనిషి చేయి చాపితే అందే ఎత్తులో ఉన్నాయి. గుడ్డతో తుడిచాడు. పోలేదు. మోహిని అరుగెక్కి బయట తుడిచింది. పోలేదు. మచ్చలు రెండు అద్దాల మధ్యన ఉన్నాయి. ఫోను చేస్తే, సీలు ఎక్కడో లీకై ఉంటుంది, తడి చేరింది, మార్చేస్తానన్నాడు ఫణీంద్ర. నాలుగింటికల్లా మచ్చలు పోయేవి. మర్నాడు మూడున్నరకి మళ్ళీ వచ్చేవి. చప్పుడు ఆగింది గాని దెబ్బ ఆగలేదని నీలకంఠానికి అర్థమైంది. మొహం గోడవైపు తిప్పుకుని పడుకోవడం మొదలెట్టాడు.

చైత్రం వెళ్ళే రోజుల్లో ఒకనాడు మధ్యాహ్నం మోహిని కుట్టిన జాకెట్లు ఇవ్వడానికి అవతలి వీధికి వెళ్ళింది. నీలకంఠం చేతులు కడుక్కుని, తలుపు గడియ పెట్టి, మూతికి గుడ్డ కట్టుకుని, మేకుకు మందునీళ్ళ సంచి తగిలించి, గొట్టం కలుపుకున్నాడు. పొట్టలోని నీళ్ళు కిందనున్న సంచిలోకి దిగుతున్నాయి. కరెంటు పోయింది.

మొదట అతను లెక్కచేయలేదు. కాసేపటికి గది బరువెక్కింది. చలవ పోకుండా కాసిన రబ్బరు ఇప్పుడు ఉక్కని కాస్తోంది. పీల్చిన గాలే మళ్ళీ పీలుస్తున్నట్టుంది. చెమట నుదుటి మీద నుంచి గడ్డం దాకా జారి గొట్టం మీద పడబోయింది. మొహం పక్కకి తిప్పుకున్నాడు. అరచేతులు తడిసిపోయాయి. ఆ చేతులతో, ఆ చెమటతో గొట్టం విప్పకూడదు. తలుపు పది అడుగుల దూరంలో ఉంది. గొట్టం అంత దూరం రాదు, సంచులు ఎత్తుకుని నడిచే ఓపిక లేదు. ఫోను హాల్లో ఉంది.

"మోహినీ" అని పిలిచాడు. గుడ్డలోంచి మాట నోటి దగ్గరే ఆగిపోయింది. కళ్ళ ముందు నల్లటి చుక్కలు తిరిగాయి. కిటికీ వైపు తిరిగాడు.

అరుగు మీద ఎవరో కూర్చుని ఉన్నారు. కుర్చీలో, కిటికీకి వీపు పెట్టి.

పోలారావనుకుని ప్రాణం లేచి వచ్చింది. పిడి తిప్పితే చాలు. అతను ఉంగరం ఉన్న వేలు ఎత్తి అద్దం మీద కొట్టాడు. ఒకటి. రెండు. మూడు.

కుర్చీలోని మనిషి తిరగలేదు.

అప్పుడు చూశాడు. అది వైరు కుర్చీ. పసుపురంగు చీర. పాడె మీద కప్పిన చీర. మెడ మీద జారిన ముడి, కుర్చీ చేతి మీద ఆనించిన చెయ్యి, ఆకుపచ్చ గాజులు. వాటిలో ఒకటి విరిగి ఉంది.

నీలకంఠానికి భయం వేయలేదు. గాలి కావాలి. మళ్ళీ మూడుసార్లు కొట్టాడు. ఆ భుజాలు కొంచెం బిగిశాయి. విన్న మనిషి వినలేదన్నట్టు కూర్చోవడానికి భుజాలు బిగిస్తాడు. ఆ సంగతి అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఆమె లేచింది. చీర కొంగు దులిపింది. భుజాన వేసుకుంది. తిరిగి చూడకుండా అరుగు దిగి జీడితోటలోకి నడిచింది. మొదటి వరస దాటుతుండగా అతను మూడోసారి కొట్టాడు. ఆగలేదు.

కరెంటు పోయిందని మోహిని పరుగున వచ్చి, తలుపు గడియ పెట్టి ఉంటే అరుగెక్కి, అద్దంలో తండ్రి మొహం చూసి, పిడి తిప్పి రెక్క లాగింది. సముద్రం గాలి గదిలోకి ఒక్కసారిగా దూకింది. అతను నోరు తెరిచి తాగాడు.

ఊపిరి సర్దుకున్నాక మోహిని అరుగు మీద అటూ ఇటూ చూసింది. "అటక మీద కుర్చీ ఎవులు దింపి ఇక్కడేసినారు నానా?"

అతను కుర్చీకేసి చూశాడు. కుర్చీ కాళ్ళకు బూజు ఇంకా వేలాడుతోంది. కూర్చునే చోట మాత్రం దుమ్ము లేదు.

మర్నాడే మోహిని ఫణీంద్రకి ఫోను చేసి తిట్టినంత పని చేసింది. వారంలో అతను సొంత ఖర్చుతో, పిడి లోపలికుండే రెక్క చేయించుకుని వ్యాన్‌లో వచ్చాడు. నీలకంఠం అరుగు మెట్టు మీద అడ్డంగా నిలబడ్డాడు.

"పట్టుకుపో" అన్నాడు.

"నీకేటి మతి పోయిందా నానా. మొన్న సచ్చిపోబోనావు" అంది మోహిని.

"పిడి బయటే ఉండనీ. కుర్చీ కూడా తీయకు."

ఆమె ఏడ్చింది, అరిచింది, అన్నం మానేసింది. చివరికి ఒప్పందానికి వచ్చింది. అతను నీళ్ళు మార్చుకునేంతసేపూ తలుపు అవతల మిషను వేసుకుని కూర్చుంటుంది, తలుపు గడియ మాత్రం పెట్టుకోకూడదు. అతను సరేనన్నాడు.

అప్పటినుంచి మధ్యాహ్నం నీళ్ళు మూడున్నరకే మారుస్తున్నాడు. గొట్టం కలుపుకుని, కిటికీ వైపు తిరిగి కూర్చుని, మూడుసార్లు కొడతాడు. ఆమె లేస్తుంది. కొంగు దులుపుతుంది. పోతుంది. అతను గోడ మీద బొగ్గుతో గీత గీస్తాడు.

పోలారావు వచ్చినప్పుడు ముప్పై తొమ్మిది గీతలున్నాయి. ఎండలో నడిచొచ్చి వైరు కుర్చీలో కూర్చోబోయాడు.

"అందులో కూకోకు" అన్నాడు నీలకంఠం, తెరిచిన కిటికీలోంచి.

పోలారావు కుర్చీని చూశాడు, గోడ మీది గీతలు చూశాడు. కింద అరుగు మీదే కూర్చున్నాడు. "ఎన్నాళ్ళు బావా ఇది?"

"నూట పన్నెండు. నాను మాటాడనిది అన్నాళ్ళే. నూట పదమూడో నాడు తిరుగుతాది. ఆ ఆఖరి రోజు ఏటి అడగబోయిందో అడుగుతాను."

"అన్నాళ్ళు నువ్వుంటావా?"

"ఉండాల."

పోలారావు ముంజేత్తో మొహం తుడుచుకున్నాడు. వెటకారం లేని గొంతుతో అడిగాడు. "ఆ అద్దం ఏసేత్తే బాజాలైనా ఇనబడవని ఆ పలాసోడే సెప్పినాడు. నువ్వు ఏలితో కొడితే అక్కకేటి ఇనబడతాది?"

"ఇనబడతాది" అన్నాడు నీలకంఠం. "తోట చివర దాకా ఇనబడతాది. నాకు పెతీసారీ ఇనబడింది."

మూడున్నర కావస్తోంది. పోలారావు లేచి, కుర్చీకి ఎదురుగా నడవకుండా, వెనకనుంచి చుట్టి వచ్చి కిటికీ మూశాడు. పిడి తిప్పి అరుగు దిగాడు.